గైడుగారి వ్యాసం

మధ్యాహ్నం సెమినార్. పొద్దుటి నుంచీ పరిశోధకురాలు లైబ్రరీలో కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. సిద్ధాంత గ్రంథం సమర్పించే ముందు కమిటీ ఎదుట మాట్లాడాల్సిన రోజిది. ఇవాళ గట్టెక్కితే పట్టా చేతికొచ్చినట్టే. తీరా ఇవాళే, మూడో అధ్యాయానికి ఆధారమైన వ్యాసం ఎక్కడా దొరకడం లేదు.

అది ఊరూపేరూ లేనివాడిది కాదు, సాక్షాత్తు తన గైడుగారిది! ఆధారాలు వెతికిపెట్టమంటే ఏఐ ఆయన పేరుతో, పత్రిక పేరుతో, పేజీ నంబర్లతో సహా ఇచ్చింది. మిగతావన్నీ ఒకటికి రెండుసార్లు సరిచూసుకున్న మహాతల్లి, క్లాసులో ఆయన చెప్పే వాదనే కదా, గైడుగారినే అనుమానించడమేమిటని దీన్ని మాత్రం వదిలేసింది. భక్తంటే అదీ! ఆయన కూడా అధ్యాయం చదివి, ఆ వ్యాసం దగ్గర మురిసిపోయి టిక్కు పెట్టారు.

పత్రిక పాత సంచిక తెరిచింది. ఆ పేజీల్లో వేరెవరిదో వ్యాసం ఉంది. గైడుగారి గదికి పరుగెత్తింది.

"సార్, మీ వ్యాసం కాపీ ఉందా?"

"ఎక్కడో ఉంటుందమ్మా. నేను రాసింది నాకు గుర్తుండదా?" అంటూ ఆయన ఆ వ్యాసంలోని వాదనంతా గడగడా అప్పజెప్పారు.

"అది ఏఐ ఇచ్చింది సార్. పత్రికలో లేదు. నేను చూడకుండా పెట్టేశాను."

ఆయన మొహం మాడిపోయింది. "ఇప్పుడు తీసేస్తే అధ్యాయమే కూలుతుంది. ఎవరూ అడగరు. నోరు మూసుకుని కూర్చో."

కూర్చోవడం ఆమె వల్ల కాలేదు. వరండాలో అటూ ఇటూ తిరిగింది. చెప్తే పట్టా వెనక్కి, పెద్దాయన పరువు గాల్లోకి. చెప్పకపోతే? రేపు ఇంకెవరో తన గ్రంథం చూసి అదే వ్యాసాన్ని ఉదహరిస్తారు, వాళ్లను చూసి మరొకరు. లేని వ్యాసానికి వంశం పెరుగుతుంది. తలుచుకుంటే ఒళ్లు మండింది, ముందు తన మీదే.

సెమినార్లో మూడో అధ్యాయం రాగానే ఉన్నదున్నట్టు చెప్పేసింది. కమిటీ చైర్మన్ గైడుగారి వైపు తిరిగారు.

"మీరు రాయలేదని మీకు తెలియలేదా?"

గైడుగారు కళ్లజోడు తీశారు, మళ్లీ పెట్టుకున్నారు. "రాద్దామని ఎన్నేళ్ల నుంచో అనుకుంటున్నాను. క్లాసులో ఏటా చెబుతూనే ఉన్నాను. అధ్యాయంలో నా పేరుతో చూడగానే... రాసేశాననే అనుకున్నాను."

అధ్యాయం తిరగరాసుకుని రమ్మన్నారు. సమర్పణ వాయిదా పడింది. బయటికి రాగానే ఆమెకు ఏడుపొచ్చింది.

గైడుగారు పక్కనే నిలబడ్డారు. "నేను రాయలేనిది ఆ ఏఐ రాసిపెట్టిందమ్మా."

"అదీ రాయలేదు సార్," అందామె, కోపం దాచుకోకుండా. "మీ పేరు పెట్టి ఊరుకుంది. ఎవరూ రాయలేదు."