పదకొండింటి చుక్కలు

"ఏమ్మా టెన్తూ, నిన్న మళ్లీ సర్వరు చచ్చింది. ఏం నొక్కావు?"

సీనియర్ ఇంజనీరు గొంతుకి గదిలో తలలన్నీ లేచాయి. పదో తరగతి మధ్యలో చదువాగిపోయిన ఆమెకి ఆ పేరు పెట్టింది అతనే. ల్యాబు రిపోర్టులిచ్చే ఆ సర్వరు, అంటే పెద్ద కంప్యూటరు, ఎంత బరువు మోస్తోందో కనిపెట్టి చూడటం ఆమె పని. నల్ల తెర మీద కమాండు కొడితే నిమిషానికో వరస చుక్కలు పడతాయి. బరువెక్కితే వరస పొడుగవుతుంది.

నెలగా పొడుగవుతూ వచ్చిన పొద్దున పదకొండింటి వరస, వారం నుంచి తెర అంచు దాటేస్తోంది, రిపోర్టులు ఆగిపోతున్నాయి. కౌంటరు దగ్గర రిపోర్టుల కోసం వచ్చినవాళ్లు మేనేజరు మేడం మీద దుమ్మెత్తిపోస్తున్నారు.

"నేనేం ముట్టుకోలేదు సార్."

"మరి దయ్యం ముట్టుకుందా? మేడం, నా గ్రాఫు చూడండి." గదిలోకొచ్చిన మేడానికి అతను తన తెర చూపించాడు. రంగుల గీత బల్లపరుపుగా ఉంది. "మిషను బంగారం. ఈవిడ చుక్కలాటే దాన్ని చంపుతోంది. పంపించెయ్యండి, పీడా పోతుంది."

మేడం మొహం గంటు పెట్టుకుంది. "ఇవాళ తేలకపోతే రేపట్నించి రాకు."

ఆమెకి ముందు పాప గుర్తొచ్చింది. కింది అంతస్తులో ఉద్యోగుల పిల్లల గది ఉంది. కొలువు పోతే రెండేళ్ల పాపకి ఆ తలుపూ మూసుకుంటుంది. పాపని చూసే దిక్కు ఇంకెవరూ లేరు.

"సార్ గీత గంటకోసారి సగటు చూపిస్తుంది మేడం. పది నిమిషాల మంట అందులో కనపడదు."

"అబ్బో, సగటట! రేపు నాకు పాఠాలు చెబుతుంది."

"పదకొండు కొట్టనివ్వండి సార్."

కొట్టింది. చుక్కలు తెర అంచుదాకా ఎగబాకాయి. ఆమె ఇంకో కమాండు కొట్టింది. ఏయే పనులు నడుస్తున్నాయో, ఎవరు పెట్టారో బారుగా పడ్డాయి. నలభై మూడు వరసలు. అన్నిటి పక్కనా సీనియర్ లాగిన్ పేరే.

"ఏంటిది?" అంది మేడం.

"సార్ గ్రాఫు గీసే ప్రోగ్రాం. రంగు నచ్చనప్పుడల్లా, పదకొండింటికి లేవమని కొత్తది పెట్టారు, పాతది తియ్యలేదు. అన్నీ ఒక్కసారే లేచి అదే గ్రాఫు గీస్తున్నాయి."

గదిలో ఎవరో కిసుక్కున నవ్వారు. సీనియర్ మెడ దాకా ఎర్రబడ్డాడు.

"నా వెనక నిలబడి నేర్చావన్నమాట. దొంగబుద్ధి!"

"మీరు నేర్పుంటే దొంగతనం తప్పేది సార్."

"ముందు అవన్నీ తీసెయ్," అంది మేడం అతనితో. ఆమెకి మాత్రం, "రేపు టైముకి రా," అని ముక్తసరిగా చెప్పి వెళ్లిపోయింది.

సీనియర్ వాటిని తీసేస్తుంటే చుక్కలు నాలుగుకి దిగాయి. అతను తన తెరని గోడవైపు తిప్పేసుకున్నాడు.

"రేపట్నించి నా ఛాయల్లో కనపడకు, టెన్తూ."

ఆమె పనులు చూపించే అదే కమాండు ఇంకోసారి కొట్టింది. నలభై మూడులో రెండు ఇంకా మిగిలే ఉన్నాయి.

"సార్, రెండు మర్చిపోయారు," అంది, గది మొత్తానికీ వినపడేలా.