ఇంజనుకు టెంకాయ

పెనుకొండ దగ్గర బెంగుళూరు హైవే మీద రోజంతా బండ్లు పోతూనే ఉంటాయి. పక్కనే రేకుల షెడ్డులో కార్ల కరెంటు పని చేసే తిమ్మరాజుతో మాట్లాడే మనిషి మాత్రం ఉండడు. వచ్చినవాళ్లు ఫోన్ చెవికి పెట్టుకుని నిలబడతారు, పని కాగానే దులుపుకుని పోతారు. భార్య పోయాక ఇంటికెళ్లి ఆయన చేసేదేముంది? మెస్సు పార్సిల్ తెచ్చుకుని షెడ్డులోనే గతికేవాడు.

అలాంటివాడికి వనిత వచ్చిందంటే పండగే మరి. హిందూపురం మనిషి. మొగుడు పోయాక ఆయన కారు స్టీరింగు తానే పట్టి, ధర్మవరానికి పోయే చీరల వ్యాపారులను తిప్పుతూ బతుకుతోంది. కారులో ఇంజను హెచ్చరిక లైటు వెలగడం ఆలస్యం, "అన్నా, మళ్లీ వచ్చినాది చూడు" అంటూ షెడ్డు ముందు ఆపేది. లోపం ఎక్కడుందో చెప్పే స్కానర్ తగిలిస్తే ప్రతిసారీ అదే కోడ్. ఇంజనులో ఉండే క్యామ్ సెన్సార్ నుంచి సిగ్నల్ సరిగా అందడం లేదట. తిమ్మరాజు దాని సాకెట్ ఊడదీసి, తుడిచి బిగించి, కోడ్ చెరిపేసేవాడు. ఆలోగా ఆమె డబ్బా విప్పి రాగి సంగటీ, ఊరిబిండి పచ్చడీ ఆయనకూ పెట్టేది. ఇద్దరూ లోకంలోని కబుర్లన్నీ చెప్పుకునేవాళ్లు. తిన్నది ఆయనకు ఒంటబట్టేది ఆ పూటే.

రోగం ఎక్కడుందో తెలియక కాదు. రెండోసారికే తెలిసిపోయింది. సాకెట్ నిండా పచ్చటి చిలుము, చుట్టూ కుంకుమ మడ్డి. ఈ మహాతల్లి శుక్రవారం శుక్రవారం బానెట్ ఎత్తి, ఇంజనుకు బొట్టు పెట్టి, టెంకాయ కొట్టి ఆ నీళ్లు దాని నెత్తిన పోస్తోంది! చెప్పేస్తే ఏమవుతుంది? పోయడం మానేస్తుంది. లైటు వెలగదు. ఇక షెడ్డుకు ఎందుకొస్తుంది? తిమ్మరాజు నోరు మూసుకున్నాడు. పాపం అనాలో, పాపిష్టివాడు అనాలో మీరే చెప్పండి.

ఒక మధ్యాహ్నం ఆమె కారును వేరే బండికి తాడు కట్టి లాక్కొచ్చారు. ఆమె దిగి తలుపు ధడాలున వేసింది.

"హైవే నడిమధ్యలో ఆగిపోయినాదన్నా. ఎనక లారీ వస్తాండాది... రవ్వంతలో బతికిపోయినా. ఇంక ఈ బండి నాకొద్దు. అమ్మేసి యాడన్నా కూలికి పోతా."

తిమ్మరాజు ఈసారి స్కానర్ జోలికే పోలేదు. బానెట్ ఎత్తి, సాకెట్ ఊడదీసి ఆమెకు చూపించాడు.

"బండిది తప్పేం లేదమ్మా. నువ్వు పోసే టెంకాయ నీళ్లు దీంట్లోకి దిగుతాండాయి."

"అయ్యో! ఇంజనే బండికి గుండెకాయని మా ఇంటాయన దానికే పోసేవాడన్నా." ఆమె ఆ చిలుమును చూస్తూ ఆగింది. "ఈ సంగతి నీకు ఈ పొద్దే తెలిసినాదా?"

అవునన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు.

"లేదమ్మా. ముందే తెలుసు. నువ్వొచ్చి రవ్వంతసేపు కూచుంటావని... చెప్పలేదు."

వనిత ఆయన వైపు తిరిగింది. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది.

"ఊరికే వచ్చి కూచోమ్మా అంటే రానా అన్నా?" అంది. "దానికి నన్ను లారీ కింద పెట్టాల్నా?"

ఆయన పాత సాకెట్ కోసేసి కొత్తది వేశాడు. తీగలకు తొడుగులు తొడిగి, చుక్క నీరు దిగకుండా రబ్బరు బిగించాడు. ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది. లైటు లేదు. ఆమె అమ్మే మాట మళ్లీ ఎత్తలేదు. బండెక్కి, వెనక్కి చూడకుండా హిందూపురం దారి పట్టింది.

ఇప్పటికీ ఆ కారు ధర్మవరానికి వస్తూ పోతూనే ఉంది. ఇంజను చప్పుడుతోనే తిమ్మరాజు దాన్ని గుర్తుపడతాడు. చేతిలో పని వదిలేసి షెడ్డు బయటికొచ్చి నిలబడతాడు. కారు ఆగదు. ఎందుకాగుతుంది? తన జన్మలో ఆయన ఆ సాకెట్ పనంత శుద్ధంగా ఇంకే పనీ చేయలేదు.