దూడ వంతు పాలు

కారంపూడిలో మా గోడ పక్క హనుమయ్య బావకు యాభై ఎకరాలు ఉండేవి. తెలివి మాత్రం సెంటు కూడా ఉండేది కాదు. యుద్ధం రోజుల్లో ఊరంతా కిరసనాయిలుకు, కట్టుబట్టకు దేవులాడుతుంటే ఆయన గుంటూరు దొంగబజారులో సీమపాల పొడి డబ్బాలు కొనుక్కొచ్చి, వచ్చేపోయేవాళ్లకు కనబడేలా వసారా గూట్లో పేర్చాడు.

"దొరల పిల్లలు తాగే పాలమ్మాయ్," అన్నాడు నాతో.

ఆయన చూసిన దొర ఒక్కడే, జమాబందీకి, అంటే శిస్తు లెక్కలు చూడ్డానికి, గుర్రం మీద వచ్చి పోయినవాడు. వాడి పిల్లలేం తాగేవారో ఈయనకెవరు చెప్పారో నాకు తెలియదు.

ఆ డబ్బాలు కోడలు కోటేశ్వరమ్మ కోసం. తొలి కాన్పుకు ఆ పిల్ల పుట్టింటికి వెళ్తే అక్కడికీ బండిలో పంపాడు. పెద్దింటి వియ్యంకుడు పంపాడని వాళ్లు కళ్లకద్దుకుని బిడ్డకు పట్టారు. ఆడపిల్ల విరేచనాలతో నెల తిరక్కుండా పోయింది. దిష్టి అన్నారు. మన మూర్ఖత్వాలన్నీ మొయ్యడానికి దిష్టి ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది.

రెండో కాన్పు అత్తగారింట్లోనే జరిగింది. మగపిల్లవాడు. అత్తగారు రామాయమ్మక్క వాడికి ముందు ఆముదం నాకించి, కోడలి ముర్రుపాలు, చిక్కగా పచ్చగా ఉండే ఆ తొలిపాలు, గుడ్డలోకి పిండించి పారబోయించింది.

"అయి కుళ్లు పాలు. పొట్ట చెడుద్ది," అంది.

బిడ్డకు సత్తువ ఆ పాలతోనే వస్తుందని, బిడ్డ కుడిస్తే తల్లి గర్భసంచి ముడుచుకుని రక్తం కట్టుకుంటుందని నలుగురిని కన్నదాన్ని, చెప్పాను.

"డబ్బాలు కొనే తాహతు లేకపోతే అట్టాగే అనాలి మరి," అంది రామాయమ్మక్క.

ఇంక ఆ మనిషితో మాట్లాడితే నా నోరే నొప్పి అనుకుని ఇంటికి వచ్చేశాను.

వాడికీ డబ్బాపాలే పట్టారు. మూడో రోజుకు పిల్లవాడికీ విరేచనాలు పట్టుకున్నాయి. కోటేశ్వరమ్మ రొమ్ములు రాళ్లలా గట్టిపడి జ్వరం వచ్చింది. బిడ్డకు తన పాలు ఇవ్వనిమ్మని మొగుణ్ని బతిమాలితే, "నాన్న చెప్పినట్టు కానీ," అని పొలానికి పోయాడు. ఆ సంబడానికి మొగుడెందుకు, రోలున్నా సరిపోయేది.

ఆ ఉదయమే వాళ్ల గేదె ఈనింది. పాలేరు సాంబయ్య చెంబు తీసుకుని పొదుగు దగ్గర కూర్చోగానే హనుమయ్య బావ వసారాలోంచి గబగబా దిగివచ్చాడు.

"ఒరేయ్, దూడ తాగిందా?"

"ఇంకా లేదయ్యా. అమ్మగారు ముందు జున్నుకి పిండమన్నారు."

"ఆమెకేం తెలుసురా. ముర్రు తాగని దూడ నిలబడుద్దా? ముందు దాని కడుపు నిండనీ. జున్ను సంగతి తరవాత."

పశువుల విషయంలో ఆయనంత బుద్ధిమంతుడు పల్నాట్లో లేడు. గోడ మీంచి చూస్తూ వింటున్న నాకు ఒళ్లు మండిపోయింది.

పురిటిగది గొడ్ల కొట్టాన్ని ఆనుకునే ఉంటుంది. ఆ మాటలు కోటేశ్వరమ్మకూ వినబడ్డాయి. మైల తీరని బాలింత గడప దాటకూడదు. ఆ పిల్ల దాటింది. పిల్లవాణ్ని గుండెకు హత్తుకుని, గోడ పట్టుకుంటూ వచ్చి దూడ పక్కన వరిగడ్డి మీద చతికిలబడింది. సాంబయ్య చెంబు అక్కడే పెట్టి తల వంచుకుని బయటికి వెళ్లిపోయాడు.

"ఏమే, మైలతో పశువుల దగ్గరికొచ్చావేందే?" రామాయమ్మక్క డబ్బాపాల ఉగ్గుగిన్నెతో పరుగెత్తుకొచ్చింది.

కోటేశ్వరమ్మ ఆమె వైపు చూడలేదు.

"మామయ్యా, ఇంట్లో నా బిడ్డని తాగనీయట్లేదు. కొట్టంలో అయితే మీరే తాగనిస్తారని వచ్చా."

"అది గొడ్డు. వీడు మనిషి బిడ్డ," అన్నాడాయన.

"గొడ్డుకిచ్చే పాటి వీడికిస్తే చాలు. పోయినసారి పిల్లని మీ డబ్బాలకిచ్చేశా. వీణ్ని ఇవ్వను."

అంటూనే రవిక ముడి విప్పింది. బావకు మొహం తిప్పుకుని వసారాలోకి నడవక తప్పలేదు. పిల్లవాడు ముందు వెతుక్కున్నాడు, తరవాత పట్టు దొరికింది. ఇవతల దూడ, అవతల వాడు. నాకు ఏడుపొచ్చింది.

రెండు రోజుల్లో ఆమె జ్వరం దిగింది. వాడి విరేచనాలు కట్టాయి. మైల తగిలిందని బావ అయ్యవారిని పిలిపించి గేదెకు పుణ్యాహం చేయించాడు. కోడలి నొసట చెయ్యి పెట్టి చూసినవాడు మాత్రం ఆ ఇంట్లో లేడు.

నెల దాటాక క్రోసూరు నుంచి బావ చెల్లెలు సరస్వతమ్మ వచ్చింది. మనవడు బొద్దుగా ఉన్నాడు. బావ గూటి వైపు చెయ్యి చూపి, "అంతా సీమపాల మహిమే," అన్నాడు. ఆమె తన కూతురి పురిటికని ఒక డబ్బా అడిగింది. కర్ణుడిలా తీసి ఇచ్చాడు.

కోటేశ్వరమ్మ మధ్యలోనే ఆ డబ్బా అందుకుని, మూత తీసి, కాస్త పొడి గిన్నెలో నీళ్లతో కలిపింది. కొట్టం వైపు నడిచింది.

"ముందు దూడకి పట్టి చూద్దాం మామయ్యా."

"వద్దు," హనుమయ్య బావ కూర్చున్న చోటునుంచి లేచి గిన్నెకు అడ్డం వచ్చాడు. "దూడ చచ్చిపోద్ది."

సరస్వతమ్మ డబ్బా తీసుకోకుండానే బండెక్కింది.