రాష్ట్రపతికి నెలే గడువు

ఎన్నికల గొడవల్లో కోయిలకుంట్ల బజారులో రాళ్ళు పడిన రోజు, నాగశ్రీ కూతురు శ్రీవాసవి ఎక్కిన ఆటో అద్దం పగిలింది. బిడ్డకు దెబ్బ తగల్లేదు. ఆ సాయంత్రమే కిరాణా అంగడి మూసి వచ్చిన మామ నాగసుబ్బయ్య నడింట్లో నిలబడి ఆజ్ఞ జారీ చేశాడు: తను చెప్పేదాకా ఆడవాళ్ళూ బిడ్డా గడప దాటరాదు. ఆ మాటకు అందరికంటే ముందు ఊపిరి పీల్చుకున్నది నాగశ్రీయే.

ఎన్నికలైపోయాయి. బజారు సద్దుమణిగింది. నెల దాటినా మామ నోట ఇంకో మాట రాలేదు. సోమవారం నంద్యాలలో నాగశ్రీకి పరీక్ష. పెళ్ళితో తొమ్మిదో తరగతిలో ఆగిపోయిన చదువు. అత్త కన్యకమ్మ పట్టుబట్టి ఓపెన్ స్కూల్లో పదికి చేర్పించింది. ఈసారి తప్పితే మళ్ళీ పుస్తకం పట్టే ధైర్యం తనకు మిగలదని నాగశ్రీకి తెలుసు.

అత్త చెనిక్కాయలు వలుస్తుంటే పక్కన కూర్చుని సాంఘికశాస్త్రం పైకి చదివింది. దేశానికి పెద్ద ఆపద వస్తే రాష్ట్రపతి అత్యవసర పరిస్థితి ప్రకటించవచ్చు. కానీ ముందు మంత్రివర్గం రాసి ఇవ్వాలి. నెలలోగా పార్లమెంటు ఒప్పుకోవాలి. ఒప్పుకున్నా ఆరు నెలలకొకసారి మళ్ళీ అడగాలి. వద్దని లోక్‌సభ తీర్మానిస్తే ఎత్తేయాల్సిందే.

"రాష్ట్రపతికే గడువు పెట్టినారా?" కన్యకమ్మ చేట పక్కన పెట్టింది. "ఎందుకట్లా?"

"ఒకసారి పెట్టింది దగ్గర దగ్గర రెండేండ్లు నడిచిందంట అత్తా. ఆ తర్వాత సభవాళ్ళే చట్టం మార్చినారు."

"మనింట్లో ఇంకా నడుస్తానే ఉండాది చూడు," అంది అత్త.

మరునాడు మధ్యాహ్నం భోజనాల దగ్గర, మజ్జిగ పోస్తూ నాగశ్రీ నోరు విప్పింది.

"మామా, ఆ పొద్దు మీరు చెప్పింది నాకు శానా మేలనిపించింది. ఇప్పుడు నెల దాటింది. రాష్ట్రపతయినా నెలకు సభను అడగాల. మీరూ మమ్మల్ని అడగండి."

నాగసుబ్బయ్య ముద్ద ఆపాడు. "నేనేమన్నా రాష్ట్రపతినామ్మా?"

"ఆయప్పకైనా పార్లమెంటు ఉండాది," అంది కన్యకమ్మ. "మీకెవురుండారు?"

నాగశ్రీ భర్త ప్రదీప్‌కుమార్‌కు పొరపోయింది.

"మళ్ళా రాళ్ళు పడితే?" మామ గొంతులో కోపం కంటే భయమే ఎక్కువుంది.

"పడితే మళ్ళా చెప్పండి, వింటాం. భయం నాకూ ఉండాది మామా. అయినా దానికో గడువుండాల."

ఆయన ఒక్కొక్కరి మొహమూ చూశాడు. "సరే, అడుగుతాండా. ఎత్తేయమనేవాళ్ళు చెయ్యెత్తండి."

కుడిచెయ్యి ఎంగిలిగా ఉండటంతో ప్రదీప్‌కుమార్ ఎడమచెయ్యి ఎత్తాడు. కన్యకమ్మ గరిటెతో సహా ఎత్తింది. నాగశ్రీ చెయ్యి తలకంటే పైకి లేచింది.

"సోమవారం నంద్యాలకు నేనూ వస్తా," అన్నాడు మామ. "ఆజ్ఞ కాదులే. అడుగుతాండా."

"రండి మామా."

అప్పటికే శ్రీవాసవి చెప్పులు చేతబట్టుకుని గడప దగ్గర నిలబడింది. వీధిలో ఎదురింటి పిల్లలు ఆడుతున్నారు.

"నేనూ పోదునామ్మా?"

నాగశ్రీకి పగిలిన అద్దం కళ్ళ ముందు మెదిలింది. వద్దు అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అత్త గరిటె ఇంకా దించలేదు.

"పో. పిలిస్తే వచ్చేయాల."

వంగి బిడ్డకు చెప్పులు తొడిగింది. తర్వాత పుస్తకం తీసుకుని తానూ గడప దాటి, అరుగు మీద కూర్చుంది.