పొయ్యి దగ్గర బొమ్మ

"కూకుని బొమ్మలు అతికించడం కూడా ఒక పనేటి?" అన్నాడు ఫల్గుణ, రెండో సాక్సు ఎక్కడుందని అడిగిన నోటితోనే. నిర్మల మంచం కింద నుంచి సాక్సు తీసి ఇచ్చింది గానీ జవాబు ఇవ్వలేదు. ఉప్మా అడుగంటుతోంది, కూతురు వెన్నెల జడ సగంలో ఉంది, అత్త చిన్నమ్మలుకి బీపీ మాత్ర ఇవ్వాలి. ఇన్నింటి మధ్య జవాబొకటి వండడానికి పొయ్యి ఖాళీ లేదు. ఆశ్రమ పాఠశాలలో పిల్లలకి ప్రశ్నలడగడం ఫల్గుణ ఉద్యోగం. ఇంట్లో కూడా ప్రశ్నలే అడుగుతాడు. చొక్కా ఏది, తాళం ఏది, కూరలో ఉప్పు ఏది.

హుకుంపేటలో గర్భిణుల కోసం పనిచేసే ఒక సంస్థ ఆఫీసులో నిర్మల డీటీపీ ఆపరేటరు. ఆ పేరు రిజిస్టరులోనే. ఏ బొమ్మ ఎంత ఉండాలి, ఏ అక్షరం ఎంత లావు ఉండాలి, దేని పక్కన ఏది రావాలి అని తల బద్దలు కొట్టుకునేది ఆమే, పదకొండింటికి అందరికీ టీ పోసేదీ ఆమే. "మీ చేత్తో పోస్తేనే రుచమ్మా" అంటారు ప్రాజెక్టు మేనేజరు సర్వేశ్వరరావు. మెచ్చుకున్నట్టే ఉంటుంది. నాలుగేళ్లుగా ఆ మెచ్చుకోలు మోసి మోసి ఆమె భుజాలు పడిపోయాయి.

ఈసారి పని మామూలు కరపత్రం కాదు. కొండ మీద ఊళ్లలో ఆడవాళ్లు నొప్పులు మొదలయ్యాక డోలీ ఎక్కుతున్నారు. దారిలోనే కాన్పులైపోతున్నాయి, కొందరు దక్కడం లేదు. నెలలు నిండకముందే కొండ దిగి, రోడ్డు పక్కనున్న గర్భిణుల వసతి గృహంలో ఉండమని చెప్పాలి. చదువు రానివాళ్లకి కూడా అర్థమయ్యేలా ఒక్క కాగితంలో చెప్పాలి. నూట ఎనభై ఊళ్లలో ప్రతి గర్భిణి ఇంటి గోడకీ అది అతుకుతుంది. సోమవారం ప్రెస్సుకి పోవాలి.

సర్వేశ్వరరావు తన నమూనా తనే గీసిచ్చారు. పైన సంస్థల గుర్తులు వరసగా, మధ్యలో ఆయన రిబ్బను కత్తిరిస్తున్న ఫొటో, కింద చీమల బారులా ఇరవై లైన్లు, ఓ మూల వేలిగోరంత గర్భిణి. నిర్మల అదంతా తీసేసి వేరేగా చేసింది. కన్ను ముందు పెద్దదాని మీదికి పోతుంది, దాని చుట్టూ ఖాళీ ఉంటే అక్కడ నిలబడుతుంది. ఇది ఆమెకి ఎవరూ నేర్పలేదు. సంతలో గోనె మీద ఎడం ఎడంగా కుప్పలు పెట్టుకుని అమ్మే ఆడవాళ్లను చూసి తెలుసుకుంది. పెద్ద బొమ్మలో కడుపుతో ఉన్న మనిషి మూట పట్టుకుని కొండ దిగుతోంది. కింద ఏడాది పొడవునా పన్నెండు చిన్న బొమ్మలు: చైత్రంలో వచ్చే ఇటుకల పండగ, మామిడికాయలు, వరినాట్లు, పసుప్పచ్చగా వలిసె పూలు, ఎర్రబడ్డ కాఫీ పళ్లు. తారీకులు గుర్తుండని చోట ఇవి గుర్తుంటాయి. దిగాల్సిన కాలం మీద ఆశా కార్యకర్త పెన్నుతో సున్నా చుడితే చాలు.

"చుట్టూ అంత ఖాళీ ఎందుకమ్మా? పని చెయ్యకుండా వదిలేసినట్టుంది" అన్నారు సర్వేశ్వరరావు. ఈ మాట ఆమెకి కొత్త కాదు. ఆదివారం మధ్యాహ్నం గోడకి చేరగిలబడితే చిన్నమ్మలు కూడా ఇలాగే అంటుంది, "ఏటే, పనేటీ నేదా?" అని. ఖాళీగా కనబడితే చాలు, కాగితాన్నైనా కోడలినైనా నింపేయాలనిపిస్తుంది అందరికీ. వాదించే ఓపిక లేక, రెండు నమూనాలూ ఊళ్లో చూపించి వస్తానని మాత్రం అంది.

శనివారం ఆశా కార్యకర్త గంగతో కలిసి కొండెక్కింది. అక్కడ సౌందర్య అనే అమ్మాయి తన ఇంటి ముందు కూర్చుని సామలు చెరుగుతోంది. ఇరవై రెండేళ్లుంటాయేమో, ఇప్పుడు ఆరో నెల. పెద్దపిల్ల, మూడేళ్లది, ఒడి పట్టుకుని వేలాడుతోంది. నిర్మల ముందు సర్వేశ్వరరావు కాగితం చేతికిచ్చింది. సౌందర్య దాన్ని అటూ ఇటూ తిప్పి, ఫొటో మీద వేలు పెట్టింది.

"ఈ బాబెవులు? కాన్పు ఈయన సేత్తాడేటి?"

గంగ పగలబడి నవ్వింది. నిర్మలకీ నవ్వొచ్చింది, చాలా రోజుల తర్వాత. రెండో కాగితం ఇవ్వగానే సౌందర్య చేట పక్కన పెట్టేసింది. కాఫీ పళ్ల దగ్గర వేలాపి, "నాకు అప్పటికి నెలలు నిండుతాయి. అంటే వలిసె పూసినప్పుడే దిగిపోవాల, అంతేనా?" అంది. అంతే. ఒక్క ముక్క చదవకుండా, ఎవరూ చెప్పకుండా. నాలుగేళ్లలో నిర్మల చేసిన పనిని పని అని మొదట గుర్తించింది ఆ వేలే.

సౌందర్య ఇంకా పెద్ద బొమ్మ వంకే చూస్తోంది.

"అక్కా, ఈవిడ ఒక్కర్తే ఎల్లిపోతంది గదా. మరి ఈవిడింటికాడ అన్నం ఎవులు వొండుతారు?"

నిర్మల కాగితం తన వైపు తిప్పుకుని చూసింది.

"మొదటిసారీ గంగమ్మ దిగమనే సెప్పింది. నాకు తెలీకా? మా ఆయనకి వొండేదెవులు, అత్తకి గంజి కాసేదెవులు? నొప్పులొచ్చినాక గూడా కుండ దించేసి డోలీ ఎక్కాను. దారిలోనే పుట్టింది ఈ గుంట. ఇది బాగానే ఉంది, నాకే నెత్తురు ఆగనేదు. సచ్చి బతికాను." తిట్టినట్టు కాదు, వానలు ఆలస్యమయ్యాయని చెప్పినట్టు చెప్పింది. "మీ బొమ్మ బాగుందక్కా. ఇంటికాడి బొమ్మే నేదు."

దిగుతున్నంతసేపూ నిర్మలకి ఆ మాటే వినబడింది. సిగ్గేసింది. వెన్నెల పుట్టే ముందు తను మాత్రం ఏం చేసింది? మూడు రోజులకి సరిపడా పులుసు కాచి, పప్పులూ కారాలూ డబ్బాలకి చీటీలు అతికించి, అప్పుడు కదా ఆస్పత్రికి బయల్దేరింది. ఆ చీటీలు చూసి ఫల్గుణ అందరితో గొప్పగా చెప్పుకున్నాడు కూడా, "మా ఆవిడ భలే పద్ధతి" అని. ఇంత తెలిసిన మనిషి బొమ్మ వేసేటప్పుడు ఆడదాన్ని ఒంటరిగా కొండ దింపేసి, వెనకున్న ఇంటిని మరిచిపోయింది. మరిచిపోవడం కాదు. ఆ ఇంటి పొయ్యి దగ్గర ఇంకో మనిషిని కూర్చోబెట్టవచ్చన్న ఊహే ఆమెకి రాలేదు. అదే ఆమెని ఎక్కువ అలసిపోయేలా చేసింది.

సాయంత్రం ఫోన్లో చెబితే సర్వేశ్వరరావు నవ్వారు. "మగాడు వండుతున్న బొమ్మా? ఊళ్లో గొడవలైపోతాయమ్మా. సరే, మరీ అంత కావాలంటే నెట్లో ఏదో ఒకటి తీసి మూలకి చిన్నగా పడేయండి." నెట్లో వెతికింది. తెల్లటి టోపీలు పెట్టుకుని, నున్నటి బండల మీద కూరగాయలు తరుగుతున్న మగాళ్లు వచ్చారు. సౌందర్య చూస్తే ఈ బాబెవులంటుంది. తన ఫోన్లో వెతికింది. తొమ్మిదేళ్ల ఫొటోలు. ఫల్గుణ బండి మీద, ఫల్గుణ బొర్రా గుహల దగ్గర, ఫల్గుణ జెండా ఎగరేస్తూ, ఫల్గుణ భోంచేస్తూ. పొయ్యి దగ్గర ఒక్కటి కూడా లేదు.

ఆదివారం పొద్దున్న ఫల్గుణని అడిగింది, పెరట్లో కట్టెల పొయ్యి దగ్గర కాస్త కూర్చో, ఫొటో తీసుకుని బొమ్మ గీస్తానని.

"నేనా?"

"నూట ఎనభై ఊళ్లలో గోడల మీద నువ్వే ఉంటావు."

ఆ మాట పనిచేసింది. అద్దం ముందు పావుగంట నిలబడి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. చిన్నమ్మలు గుమ్మంలోంచే మొదలుపెట్టింది. "మొగోడిని పొయ్యి కాడ కూకోబెడతావేటే? ఊరంతా నవ్వుద్ది!"

"ఉత్తుత్తి ఫొటోయే అమ్మా," అన్నాడు ఫల్గుణ. ఖాళీ కుండలో గరిటె పెట్టి, ఫొటోగ్రాఫరు ముందు పెళ్లికొడుకులా నవ్వాడు. "బేగి తీసీ. మోకాళ్లు నొప్పెడతన్నాయి."

నిర్మల ఫోన్లోంచి చూసింది. నిప్పు లేదు, పొగ లేదు, కుండలో నీళ్లు లేవు. సౌందర్య కంటికి ఇది ఒక్క క్షణం ఆనదు. ఈ బొమ్మ మూలకి కాదు, కాగితం మధ్యలో, అన్నిటికంటే పెద్దగా పెట్టాలని కొండ దిగేటప్పుడే అనుకుంది. సర్వేశ్వరరావు ఫొటో కాగితం వెనక్కి, గోడ వైపుకి పోతుంది. ఆయన అరిస్తే అరుస్తారు. టీ వేరేవాళ్లు పోసుకుంటారు.

"పొయ్యి వెలిగించు," అంది.

"ఎందుకు? మంట కంప్యూటర్లో పెట్టీలేవా?"

"రాదు."

మూడు అగ్గిపుల్లలు ఆరిపోయాక నాలుగోది అంటుకుంది. ఊదీ ఊదీ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇస్త్రీ చొక్కాకి మసి అంటింది. ఎసరు పెట్టాడు. బియ్యం డబ్బా తెచ్చుకుని, కొలిచే సోల చేత్తో పట్టుకుని, పొగలోంచి తల తిప్పి చూశాడు. ఆ మొహంలో నవ్వు లేదు, తెలివి లేదు, దారి తప్పిన పిల్లాడి బెంగ తప్ప ఏమీ లేదు.

"నిర్మలా, మన నలుగురికీ ఎన్ని సోలలు పొయ్యాలి?"

ఆమె వేలు అప్పుడు కదిలింది. ఎంత బాగా వచ్చిందో ఫొటో! మంట, పొగ, సోల, ఆ మొహం, చుట్టూ కావలసినంత ఖాళీ. ఇక చేయాల్సింది ఏమీ లేదు.

ఫోను పక్కన పెట్టి, గుమ్మం దగ్గర అత్త పక్కనే కూర్చుని కాళ్లు చాపుకుంది. ఒళ్లంతా ఒక్కసారి నిట్టూర్చినట్టయింది.

"తీసీసేవా?" అన్నాడు ఫల్గుణ కళ్లు నులుముకుంటూ.

"ఇంకా లేదు," అంది నిర్మల. "అన్నం ఉడకనీ."