బాబాయి చెయ్యి ఎటు పోతుంది

బాబాయిని నాశనం చేయడానికే నేను ఆయన ల్యాబులో ఉద్యోగానికి చేరాను. ఆయన మాత్రం సొంత పిల్లే కదా, నోరు మూసుకుని పడుంటుందనుకున్నాడు.

అక్క కుందేళ్లు పెంచేది. వాటికి ఒక వైరస్ జబ్బు వస్తుంది. పొద్దున మేత తిన్న కుందేలు సాయంత్రానికి ముక్కులోంచి రక్తం కారి చచ్చి పడుంటుంది. దానికి టీకా తయారుచేసిన పెద్ద శాస్త్రవేత్త మా బాబాయి. తొలి టీకాలు అన్న కూతురి షెడ్డులోనే వేస్తానంటే అక్క మురిసిపోయింది. వారం తిరక్కుండా షెడ్డు ఖాళీ. అదే టీకా వేయించుకున్న చుట్టుపక్కల షెడ్లూ ఖాళీ.

"టీకాలో లోపం లేదు. మా అమ్మాయి షెడ్డే మురికికూపం. జబ్బు అక్కడే పుట్టి ఊరంతా పాకింది," అన్నాడు బాబాయి టీవీలో, గుండె తరుక్కుపోతున్నట్టు మొహం పెట్టి.

అధికారులు అక్క లైసెన్సు రద్దు చేశారు. తోటి పెంపకందార్లు అక్క ఎదురొస్తే రోడ్డు దాటి అవతలికి పోయేవాళ్లు. అక్క గడప దాటడమే మానేసింది.

నేను ఏడుస్తూ కూర్చోలేదు. బాబాయి దగ్గరికెళ్లి ఉద్యోగం అడిగాను.

చేరిన కొన్నాళ్లకే సంగతి అర్థమైంది. ఈ వైరస్ గాజు పాత్రల్లో పెరగదు. పెద్ద కుందేలుకి ఎక్కిస్తే దాని కాలేయంలో పెరుగుతుంది. ఆ కాలేయాన్ని నూరి, మందు కలిపి, వైరస్‌ని చంపి టీకా చేస్తారు. అది నిజంగా చచ్చిందో లేదో తేలాలంటే టీకాని ఆరోగ్యంగా ఉన్న పెద్ద కుందేళ్లకి వేసి చూడాలి. కానీ ల్యాబులో పెద్దవన్నీ వైరస్ పెంచడానికే అయిపోయేవి. పరీక్షకి మిగిలేవి పాలు తాగే కూనలే. ఆ వయసులో ఈ జబ్బు వాటిని చంపదు. బతికున్న వైరస్ ఎక్కించినా గెంతుతూనే ఉంటాయి. బాబాయి వాటికే సూది వేసి, ఒక్కటీ చావలేదు భేష్ అని, టీకాని బయటికి పంపేశాడు.

ఈ మాట నేను చెబితే ఎవరు నమ్ముతారు? నేనే పరీక్ష చేసి చూపిస్తే, అక్క కోసం ఏదో కలిపానంటాడు. ఆయన్ని ఆయన చెయ్యే పట్టివ్వాలి.

అక్క అప్పీలు మీద విచారణకి పశువైద్యాధికారిణి ల్యాబుకి వచ్చింది. వెనకే అక్క.

"పెద్ద కుందేళ్ల మీదే పరీక్షించాను మేడమ్," అన్నాడు బాబాయి. "ఇంకెన్నిసార్లు చెప్పాలి?"

"చెప్పడం ఎందుకు బాబాయ్?" అన్నాను. "ఆ టీకా సీసా ఒకటి మేడమ్ వాళ్లు వేసిన సీలుతోనే ఫ్రిజ్‌లో ఉంది కదా. మీ చేత్తో ఇప్పుడే ఒక కుందేలుకి వేసేయండి. అది బతికితే తప్పు అక్కదే. ఇంక నేనూ నోరెత్తను."

అక్క నావైపు పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. బాబాయి నవ్వాడు.

"ఇన్నాళ్లకి బుద్ధిగా మాట్లాడావే బుజ్జీ."

అందరం గౌన్లు, గ్లవ్స్ వేసుకుని కుందేళ్ల గదిలోకి వెళ్లాం. పంజరాలు పొద్దున నేనే సర్దాను. వైరస్ పెంచడానికి కొత్తగా తెచ్చిన పెద్దవి తలుపు పక్కనే, చేతికి అందే ఎత్తులో. కూనలు గది చివర, అన్నిటికన్నా కింది అరలో. బాబాయికి మోకాళ్ల నొప్పులు. కిందపడ్డ పెన్ను కూడా నాతో తీయించే మనిషి.

"దేనికి వేయమంటారు?" అన్నాడు, సూదిలోకి మందు లాగుతూ.

"మీ ఇష్టం," అంది అధికారిణి.

బాబాయి పెద్ద కుందేళ్లని దాటాడు. ఒకటి తీగల్లోంచి ముక్కు బయటపెట్టి వాసన చూసింది. దాని వంక కూడా చూడలేదు. గది చివరిదాకా వెళ్లి, గోడ పట్టుకుని, మూలుగుతూ మోకాళ్ల మీద కూర్చుని, ఒక కూనని బయటికి తీశాడు.

"తలుపు పక్కనే అన్ని ఉంటే, అంత దూరం వెళ్లారేంటి సార్?" అంది అధికారిణి.

"ఏదో... చేతికి అందింది తీశాను."

"చేతికా, మోకాలికా బాబాయ్?" అన్నాను.

అక్క పకపకా నవ్వింది. ఆ నవ్వు విని ఎంత కాలమైందో.

అధికారిణి మాత్రం నవ్వలేదు. "కూనల్ని ఈ జబ్బు చంపదని క్లాసులో మాకు చెప్పింది మీరే సార్. దాన్ని లోపల పెట్టేయండి. ఆ సూది ఇదిగో, ఈ పెద్దదానికి వేయండి."

బాబాయి లేచి వచ్చాడు. నేను కుందేలుని బల్ల మీద అదిమి పట్టుకున్నాను. సూది దాని మెడ దాకా వచ్చి ఆగింది.

"కానివ్వండి బాబాయ్. మీ టీకాయేగా."

సూదిని ట్రేలో పడేశాడు. "వద్దు. ఇది చచ్చిపోతుంది."

ముందుగా తేరుకున్నది ఆయనే. అక్క చేతులు పట్టుకోబోయాడు. "ఇది మన ఇంటి విషయం తల్లీ. నాలుగు గోడల మధ్య..."

"నా షెడ్డు మురికికూపం అని టీవీలో చెప్పినప్పుడు ఎన్ని గోడలున్నాయి బాబాయ్?"

లైసెన్సు తిరిగి ఇచ్చేస్తున్నామని అధికారిణి అక్కతో చెప్పింది. ల్యాబుకి తాళం వేయిస్తానని బాబాయితో చెప్పింది. "టీకా వేయించుకున్న వాళ్లందరికీ కబురు పంపాలి," అంది.

"కబురెందుకు మేడమ్, మనిషే ఉన్నాడుగా," అంది అక్క. తన ఫోన్ తీసి, తోటి పెంపకందారు నంబరు నొక్కి, స్పీకర్ పెట్టి బాబాయి మొహం ముందు పట్టుకుంది.

"నా పేరు పోతుందమ్మా."

"నాదీ పోయింది. చావలేదుగా."

అవతల బొంగురు గొంతు పలికింది. "ఎవరూ?"

బాబాయి ఏదో గొణిగాడు.

"గట్టిగా బాబాయ్," అన్నాను. "ఆయనకి సరిగ్గా వినబడదు."

చెప్పాడు. వైరస్ చావలేదని, తాను సరిగ్గా పరీక్షించలేదని, అక్క షెడ్డు శుభ్రంగానే ఉండేదని. అవతల తిట్లు మొదలయ్యాయి. పుట్టుక దగ్గర్నుంచి పాడె దాకా ఏదీ వదల్లేదు ఆ ముసలాయన. బాబాయి ఫోన్ కట్ చేయబోతే అక్క ఆయన మణికట్టు పట్టుకుంది.

"పూర్తిగా వినండి. నేను విన్నాను."

నేను కుర్చీ తెచ్చి ఆయన వెనక వేశాను. ఇంకా చాలామందికి ఫోన్లు చెయ్యాలి.