బతికున్న పిల్లకు కొవ్వొత్తులు

పురానాపూల్ దగ్గరి ఆ గల్లీలో రమాబాయి రోజూ పొద్దున్నే, స్నానం కాకముందే, కోడలి కంప్యూటర్ బల్ల కింద ఊడుస్తుంది. స్నానమయ్యాక ఆ చెత్త ముట్టుకుంటే మళ్ళీ నెత్తిన నీళ్ళు పోసుకోవాలి. గుడి పూజ చేసే ఇల్లు మరి.

కోడలు మేధ యూనివర్సిటీలో చైనీస్ చదివింది. మలేషియా, సింగపూర్‌లలో చైనీస్ మాట్లాడేవాళ్ళు కబుర్లు చెప్పుకునే ఒక యాప్‌లో తిట్లు ఏరి తీసేయడం ఆమె ఉద్యోగం. ఇంట్లోంచే పని. అక్కడివాళ్ళు రాసిన పాడుమాటలు తెరలోంచి జారి కింద పడుతుంటాయి. కొన్ని ఉమ్మిలా, కొన్ని కుళ్ళిన చేప తలల్లా, కొన్ని వెంట్రుకల ఉండల్లా. చెత్త బండివాడికీ అలవాటైంది. "తడిది వేరే, పొడిది వేరే పెట్టమ్మా" అని మాత్రం సణుగుతాడు.

"మంచి మాటలే రాయరా వాళ్ళు?" అని రమాబాయి ఒకసారి అడిగింది.

"మస్తు రాస్తరు అత్తమ్మా. పిల్లకు జరమొస్తే ఏం పెట్టాలె, ఇయ్యాల ఏం వండినం, గివే. అవి కింద పడవు."

ఆ మంగళవారం మాత్రం తెల్లటి సన్న కొవ్వొత్తులు పడ్డాయి. బల్ల కింద కుప్ప.

"గిదేంది? ఇయ్యాల మంచి సామానే వచ్చింది. కరెంటు పోతే పనికొస్తది."

"చచ్చినోళ్ళ కోసం ఫోన్ల పెట్టే కొవ్వొత్తి బొమ్మ అది, అత్తమ్మా. బతికున్న పిల్లకు పెడుతున్నరు." మేధ ముఖం పాలిపోయి ఉంది.

ఆ పిల్ల పేరు లిన్. పెనాంగ్‌లో కాలేజీ చదువు. ఒక గాయకుడు పాటలో శ్రుతి తప్పాడని ఒక్క ముక్క రాసింది. అంతే, అభిమానులు ఎగబడ్డారు. ఇంటి అడ్రసు, ఫోన్ నంబరు, తల్లి పనిచేసే కొట్టు, అన్నీ బయటికి లాగారు. మన హీరోల అభిమానులు తక్కువ తిన్నారని కాదు గానీ, వీళ్ళు వంతులు వేసుకుని మరీ ఏడిపించారు. శుభ్రంగా అన్నం తిని, చెయ్యి కడుక్కుని వచ్చి, "ఎప్పుడు పోతావు?" అని కొవ్వొత్తి పెట్టి పోతున్నారు. పొద్దున లిన్ "మేడ మీదికెక్కాను" అని రాసింది. కొవ్వొత్తులు రెట్టింపయ్యాయి.

మేధ తన పై అధికారి లక్ష్మీకాంత్‌కు ఫోన్ చేసింది.

"అక్కడి ఆఫీసుకి చెప్పానండి, చూస్తామన్నారు. కొవ్వొత్తి బూతు కాదు కదా మేధగారూ? రూల్స్‌లో లేదు. మీరు తీసేస్తే నాకు మాటొస్తుంది."

ఫోన్ పెట్టేసి మేధ ఏడ్చింది.

"థూ, వీళ్ళ నోట్ల మన్నువడ! దీపం పెట్టి శాపం పెడ్తరా?" రమాబాయి కొవ్వొత్తులన్నీ కొంగులోకి ఎత్తుకుంది. "పిల్ల పేరేమన్నవ్?"

"లిన్."

"గోత్రం?"

"వాళ్ళకుండదు అత్తమ్మా."

"తెల్వనోళ్ళందరిదీ కాశ్యపే."

గడప బయట కూర్చుని ఒక్కొక్కటే ముట్టించింది. కాశ్యప గోత్రం, లిన్, నిండు నూరేళ్ళు. మళ్ళీ కాశ్యప గోత్రం, లిన్. ఎదురింటి హలీమాబీ తలుపు తీసి చూసింది.

"క్యా హువా అమ్మా?"

"ఒక పిల్ల పానం కోసం."

"తో మేరేకు భీ దేవ్" అని తనకూ కొన్ని అడిగి, ఆమె అగ్గిపెట్టె తెచ్చుకుని పక్కన కూర్చుంది. పేరు అడిగి, తన అల్లాకు తాను చెప్పుకుంది.

బయట ఒకటి కరిగితే తెర మీద ఒకటి మాయమైంది. "మా కొవ్వొత్తులెవరు దొంగిలించారు?" అని ఎవడో అరిచాడు. ఆ మాట చేప తలై మేధ కాళ్ళ దగ్గర పడింది. ఆమె దాన్ని కాలితో తన్నేసింది.

కొవ్వొత్తులు అయిపోయాయి. తెర మీద అన్నిటికంటే అడుగున ఒక్క మాట మిగిలింది. లిన్ స్నేహితురాలు పొద్దుననగా రాసినది. ఇన్నిటి కింద పడి ఎవరికీ కనపడలేదు.

"గేటు దగ్గరే ఉన్నా. వాచ్‌మన్ లోపలికి రానివ్వట్లేదు. నీ ఫోన్ ఎప్పుడూ బిజీ. అన్నం తెచ్చాను, దిగి రా."

"సూసిందా పిల్ల?" రమాబాయి గడప దగ్గర్నుంచే అడిగింది.

"తెల్వది."

ఇద్దరు ముసలమ్మలూ లేచి వచ్చి మేధ వెనక నిలబడ్డారు. ముగ్గురూ తెరనే చూస్తున్నారు. చాలాసేపటికి ఆ మాట కింద ఇంకో మాట వచ్చింది. మేధ చదువుతుండగానే రమాబాయి ఆమె భుజం పట్టి కుదిపింది.

"ఏం రాసిందే? చెప్పు!"

"ఏం కూర తెచ్చినవ్ అని అడుగుతున్నది, అత్తమ్మా."